క్రోమియం కలిపిన రేనీ కోబాల్ట్: సరుకు సూపర్, డబ్బా దండగ

జీడిమెట్లలో మా ల్యాబ్‌లో ఇన్నాళ్లూ నైట్రైల్‌కి హైడ్రోజన్ ఎక్కించి అమీన్ చేయాలంటే క్యాటలిస్ట్ (రియాక్షన్‌ని వేగంగా నడిపే లోహప్పొడి) రేనీ నికెలే, చవక కదా అని. బెంజోనైట్రైల్ పెడితే మాకు కావాల్సిన బెంజైలమీన్‌తో పాటు అక్కర్లేని డైబెంజైలమీన్ కూడా వచ్చేది, దాన్ని డిస్టిల్ చేసి విడగొట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. మధ్యలో ఇమీన్ అని సగం తయారైన సరుకు పుడుతుంది కదా, అప్పటికే తయారైన అమీన్ పోయి దాన్ని పట్టుకుని డైబెంజైలమీన్ అవుతుంది, అది తగ్గించడానికే మిథనాల్‌లో అమోనియా దండిగా కొట్టేవాళ్లం, ఆ ఘాటుకి కళ్లు మంటలు.

ఈసారి క్రోమియం కలిపిన కోబాల్ట్ తెప్పించాం. నికెల్ కంటే వేడి, ప్రెషర్ కాస్త ఎక్కువే అడుగుద్ది, ఓపికుండాలి, కానీ జీసీ (గ్యాస్ క్రోమటోగ్రఫీ, ఏది ఎంత ఉందో చూపే టెస్ట్) తీస్తే డైబెంజైలమీన్ పీక్ అడుగున చిన్న గుబ్బలా ఉందంతే, మా సార్ నమ్మక రెండోసారి ఇంజెక్ట్ చేయించారు! అదే క్యాటలిస్ట్‌ని ఫిల్టర్ చేసి ఇంకో మూడు బ్యాచ్‌లు లాగాం.

రేటు మాత్రం మంట, కోబాల్ట్ మరి. ఇంకోటి, సప్లయర్ పంపిన డబ్బా మూత లూజు, లోపలి నీళ్లు సగం కారిపోయాయి, ఇది ఆరిందంటే గాలి తగిలితే చాలు అంటుకుద్ది బాబూ, వాడేసిన ఫిల్టర్ పేపర్ కూడా తడిగానే ఉంచాలి. సరుకుకి నాలుగున్నర స్టార్లు, ప్యాకింగ్‌కి ఒకటి.