నాలుగేళ్ల పిల్లకి ఏ సింహం మేలు?

మా వాడికి ఇప్పుడు పదేళ్లు. వాడికి నాలుగేళ్లప్పుడు, 2019 జులైలో, ‘ద లయన్ కింగ్’ తెలుగులో వచ్చింది. సింబాకి నాని, తండ్రి సింహం ముఫాసాకి రవిశంకర్, బాబాయి స్కార్‌కి జగపతిబాబు, పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి అలీ గొంతిచ్చారు. నవ్వించేవాళ్లే ఉన్నారు, జంతువుల సినిమానే కదా అని గుంటూరు నుంచి బెజవాడ తీసుకెళ్లాం. వారధి దాటేదాకా వాడు కారులో గర్జిస్తూనే ఉన్నాడు. తీరా లోయలోకి వైల్డ్‌బీస్ట్‌ల మంద విరుచుకుపడేసరికి నా చున్నీలో దూరాడు. దుమ్ము తగ్గాక చూస్తే తండ్రి సింహం కదలకుండా పడి ఉంది. “అమ్మా, వాళ్ల నాన్న లేవట్లేదేంటి?” అని హాలంతా వినపడేలా అడిగాడు. సరిగ్గా అప్పుడే వాళ్ల నాన్న పాప్‌కార్న్ కోసం బయటికెళ్లాడు. ఆయన వచ్చాక చెయ్యి పట్టుకుని మళ్లీ వదల్లేదు. మిగతా సినిమా మేం చూళ్లేదు.

ఇప్పుడు చెల్లికి నాలుగేళ్లొచ్చాయి. తను ఏడ్చిన సంగతి వాడికి గుర్తే లేదు, అదే సినిమా దానికీ చూపించాలని పట్టుబట్టాడు. నేనేమో 1994లో వచ్చిన పాత లయన్ కింగ్, చేత్తో గీసిన బొమ్మలది, వేద్దామన్నాను. “అది పాతది కదమ్మా!” అన్నాడు.

కథ రెండింట్లోనూ ఒకటే. తండ్రిని చంపేది బాబాయే, నేరం పిల్లవాడి మీదికి నెట్టి తరిమేసేదీ బాబాయే. అయినా అమెరికాలో పాతదానికి అన్ని వయసులవాళ్లూ చూడొచ్చనే ‘జి’ ఇచ్చారు, కొత్తదానికి పెద్దవాళ్లు చూసుకోవాలనే ‘పీజీ’ ఇచ్చారు. పాతది 88 నిమిషాలు, కొత్తది 118. అరగంట తేడా పెద్దవాళ్లకి లెక్కలోది కాదు గానీ, నాలుగేళ్ల పిల్లకి అది ఒక ఆకలి, ఒక బాత్రూమ్, ఒక ఏడుపు.

వీటన్నిటికంటే పెద్ద తేడా మొహంలో ఉంది. గీసిన సింహానికి కనుబొమలుంటాయి. బాధేస్తే వంగుతాయి, కోపమొస్తే ముడిపడతాయి. మాటలు అర్థం కాకపోయినా ఎవరు మంచివాళ్లో, ఎవరికి ఏడుపొస్తోందో పిల్లకి తెలిసిపోతుంది. కొత్తదాంట్లో సింహాలు అచ్చం అడవి సింహాల్లా ఉండాలని చేశారు కాబట్టి వాటి మొహాలు కదలవు, నోరొక్కటే ఆడుతుంది. తండ్రి బుజ్జగిస్తున్నా, బాబాయి బెదిరిస్తున్నా పసిదానికి కనపడేది కోరలే. పిల్లల భయాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికా ప్రొఫెసర్ జోఆన్ కాంటర్ చెప్పింది కూడా ఇదే. బడికెళ్లని వయసులో పిల్లలు చూపుకి భయంగా ఉన్నదానికి భయపడతారు. కాస్త పెద్దయ్యాక నిజంగా జరగగలిగేదానికి భయపడతారు. చిన్నవాళ్లకి ‘అదంతా నిజం కాదమ్మా’ అని నచ్చజెప్పినా పెద్దగా పనిచెయ్యదు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటే పనిచేస్తుంది. మా వాడి విషయంలో ఆ రోజు నేను చేసింది మొదటిది.

జంతువులు మాట్లాడటం దగ్గర మాత్రం మన పిల్లలకి ఏ ఇబ్బందీ లేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డమొచ్చిందంటుంది, చివరికి చీమ నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది. అన్నం ముద్దలతో పాటే లోపలికెళ్లిన కథ. చావు సంగతికొస్తే, ఆవు–పులి కథలో తల్లి దూడకి పాలిచ్చి, చచ్చిపోవడానికే తిరిగి వెళుతుంది. అంతకంటే భయంకరమైన కథ ఏ సినిమాలో ఉందో చెప్పండి! కానీ మా అమ్మ ఆ కథ చెప్పేటప్పుడు గమనించాను. పిల్ల కళ్లు పెద్దవైతే చాలు, పులి నోరు తెరవకుండానే “వెళ్లమ్మా, నీ బిడ్డ దగ్గరికి పో” అనేస్తుంది. పిల్ల ధైర్యంగా ఉన్న రోజున పులికి గోళ్లు కూడా వస్తాయి. సినిమాకి పిల్ల మొహం కనపడదు. రిమోట్ పట్టుకున్నవాళ్లకే కనపడాలి.

అందుకే పాతదాన్ని ఇంగ్లీషులోనే పెట్టి, శబ్దం తగ్గించి, నేనే తెలుగులో చెప్పడం మేలనిపించింది. కొత్తదాంట్లో తెలుగు డబ్బింగ్ ఉందన్నది మా వాడి వాదన, అందులో న్యాయముంది. బ్రహ్మానందం, అలీ గొంతులు వింటేనే పెద్దవాళ్లకి పడీపడీ నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు వాళ్ల పాత సినిమాలు ఎరిగినవాళ్లది. పిల్లకి పుంబా అంటే పంది, అంతే.

ఇంకో రెండు సినిమాలూ బేరానికొచ్చాయి. ‘ఫైండింగ్ నీమో’, 2003 నాటిది, నీమో అనే చేపపిల్ల కథ. ఇది మొదలైన కాసేపటికే తల్లినీ, ఒక్కటి తప్ప గుడ్లన్నిటినీ పెద్ద చేప తినేస్తుంది. చంపడం తెర మీద చూపించరు, కాబట్టి పసివాళ్లకి అర్థం కాకుండానే జారిపోవచ్చు. ఆ ముక్క దాటించి వేసినా కథ ఆగదు. పైగా తండ్రి సముద్రమంతా ఈదుకుంటూ బిడ్డ కోసం వస్తూనే ఉంటాడు, పిల్లలకి అంతకంటే ధైర్యం ఏముంటుంది? అయితే నీమోని ఎత్తుకుపోయేది బడికెళ్లిన మొదటి రోజే. మా పిల్ల జూన్‌లో ఎల్కేజీలో చేరాలి. బడి అలవాటయ్యాక చూద్దామని పక్కనపెట్టాను.

‘బేబ్’, 1995 నాటిది, పందిపిల్ల కథ. చాలావరకు నిజం జంతువులే, అయినా సింహాల్లా భయపెట్టవు. చిక్కంతా ప్రశ్నలతో. క్రిస్మస్ విందుకి ఎవర్ని కొయ్యబోతున్నారని దొడ్లో జంతువులు మాట్లాడుకుంటాయి. మా వాడు ఏడేళ్లప్పుడు అది చూసి, ఆ ఆదివారం నాటుకోడి పులుసు ముందు కూర్చుని “తాతయ్యా, ఇది మాట్లాడేదా?” అని అడిగాడు. మా నాన్న ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆపి, “లేదురా, కూసేదంతే” అన్నాడు. వాడు రెండు వారాలు పప్పన్నమే తిన్నాడు. ఆ సినిమాలో రైతుగా వేసిన జేమ్స్ క్రామ్‌వెల్ అప్పటికే మాంసం మానేసినవాడు, అది చేస్తూ పాలూ గుడ్లూ కూడా మానేశాడట. ఏడెనిమిదేళ్లవాళ్లతో మాట్లాడటానికి నా లెక్కలో దీన్ని మించింది లేదు. నాలుగేళ్లకి మాత్రం అనవసరం.

సర్టిఫికెట్ చూసుకుంటే సరిపోదా అని మా ఆయన. 2016లో ‘జంగిల్ బుక్’కి మన సెన్సారు వాళ్లు యూఏ ఇస్తే అందరూ నవ్వారు. త్రీడీలో జంతువులు మీదికి దూకుతున్నట్టుంటాయని అప్పటి ఛైర్మన్ చెప్పిన కారణానికి నేనూ నవ్వాను, మూడేళ్ల తర్వాత నా చున్నీకి తెలిసొచ్చింది. 2024 నుంచి యూఏని ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడు మెట్లు చేశారు, అది మంచిదే. కానీ అన్నిటికంటే కింది మెట్టే ఏడు. నాలుగేళ్ల పిల్లకీ ఆరేళ్ల పిల్లకీ మధ్య తేడా ఏ కాగితమూ చెప్పదు.

హాలా, ఇల్లా అన్నదానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. హాల్లో ఇంటర్వెల్ దాకా బిగబట్టాలి, చీకటి, పైగా గుండెల మీద కొట్టే శబ్దం. పదేళ్లవాడికి అదే సరదా, వాణ్ణి వేరే తీసుకెళ్లొచ్చు. ఈ వయసు పిల్లలకి రోజుకి గంటకి మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. కాబట్టి 88 నిమిషాలని రెండు సాయంత్రాలకి పంచాను.

మొదటి సాయంత్రం లోయ రాకముందే ఆపేశాను. రెండో రోజు పిల్లని ఒళ్లో పెట్టుకుని, శబ్దం బాగా తగ్గించి వేశాను. దుమ్ము తగ్గింది. సింబా వెళ్లి తండ్రి పంజా కింద దూరాడు. మా పిల్ల తెర వైపు చూసి, నా వైపు చూసి, “వాళ్ల నాన్న బజ్జున్నాడు, లేపకూడదు” అంది. మా వాడు ఏదో చెప్పబోయి, నా మొహం చూసి, కాస్త దగ్గరికి జరిగి కూర్చున్నాడు.