అమ్మకి ఇంట్లో అటెండెంట్: నాలుగు నెలల అనుభవం, 5కి 3 స్టార్లు

మేలో అమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముకకి ఆపరేషన్ చేయించి తెనాలిలో ఇంటికి తీసుకొచ్చాం. నేనుండేది హైదరాబాద్‌లో, తమ్ముడు డాలస్‌లో. నా సెలవులు అయిపోవడంతో ఒక హోమ్ కేర్ ఏజెన్సీ ద్వారా 24 గంటల అటెండెంట్‌ని పెట్టుకున్నాం. రిజిస్ట్రేషన్ 5,000, నెలకి 26,000. ఏజెన్సీ పేరు రాయడం లేదు. మేం విచారించిన మిగతా రెండు చోట్లా పద్ధతి ఇదే.

మొదట వచ్చిన అమ్మాయికి మాత్రం 5 స్టార్లూ ఇస్తాను. ఒడిశాలో రాయగడ వైపు వాళ్లు. అమ్మని లేపి వాకర్ దగ్గర నిలబెట్టేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలో తనకి బాగా తెలుసు. పుండ్లు పడకుండా రాత్రిళ్లు లేచి అమ్మని పక్కకి తిప్పి పడుకోబెట్టేది. గోంగూర పచ్చడి కావాలని అమ్మ మారాం చేస్తే, పక్కింటావిడని అడిగి కారం తగ్గించి నూరింది. రెండు నెలలకి అమ్మ వీధి అరుగు దాకా నడిచిందంటే ఆ అమ్మాయి చలవే.

మూడో నెలలో ఒక పొద్దున ఆ అమ్మాయి బదులు వేరే ఆమె వచ్చింది. మాకు ముందు ఒక్క మాట చెప్పలేదు. కొత్తామె చేత స్నానం చేయించుకోనని అమ్మ రెండు రోజులు మొండికేసింది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే "రీప్లేస్‌మెంట్ ఇచ్చాం కదా మేడమ్" అన్నారు. బట్టలు విప్పి ఒళ్లు తుడిచే మనిషి మారిపోతే 78 ఏళ్ల ఆడమనిషికి ఎంత సిగ్గుగా ఉంటుందో వాళ్లకి పట్టలేదు. పది రోజులకి ఈమె కూడా వెళ్లిపోయి మూడో ఆమె వచ్చింది. 2 స్టార్లు తగ్గించింది అందుకే.

1991లో అమ్మమ్మకి పక్షవాతం వస్తే అంగలకుదురులో ఆరుగురు పిల్లలు వంతులేసుకున్నారు. చాకిరీ కూతుళ్లదీ కోడళ్లదీనే, అది నేను మర్చిపోలేదు. అయినా అమ్మమ్మ దగ్గర ఎప్పుడూ తెలిసిన చెయ్యే ఉండేది. అమ్మకి మేం ఇద్దరం. నాకు ఒక్కతే కూతురు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. వలసల సంగతి పక్కన పెడితే, ముందు ముందు జనం తగ్గకుండా ఉండాలంటే 2.1 ఉండాలంటారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనని 2024 నవంబరులో అసెంబ్లీ తీసేసింది. కానీ ఇవాళ పుట్టే బిడ్డ మంచం పట్టినవాళ్లని లేపే వయసుకి రావాలంటే ఇరవై ఏళ్లు పడుతుంది.

మన వైపు అమ్మాయిలు ఈ పనికి దొరకడం లేదని, ఒడిశా నుంచే తెస్తున్నామని ఏజెన్సీ ఆయన చెప్పాడు. అదే సర్వేలో ఒడిశా సంఖ్య 1.8. నాకు భయమేసింది అక్కడే. నా వంతు వచ్చేసరికి అక్కడి నుంచి మాత్రం ఎవరొస్తారు? మేమిచ్చే 26,000లో ఆ అమ్మాయి చేతికి వచ్చేది 14,000. ఐదేళ్ల కొడుకుని వాళ్లమ్మ దగ్గర వదిలి వచ్చింది. ఇలా అయితే ఉన్నవాళ్లు కూడా నిలవరు.

మీరు తీసుకునేటట్లయితే డబ్బు కట్టే ముందే రెండు విషయాలు కాగితం మీద రాయించుకోండి: మనిషిని మార్చాలంటే వారం ముందు చెప్పాలి, కొత్తామె వచ్చాక పాతామె రెండు రోజులు కలిసి ఉండాలి. మేం రాయించుకోలేదు.

మొదటి అమ్మాయి ఇప్పుడు విజయవాడలో ఒక పెద్దాయన్ని చూసుకుంటోందట. ఎప్పుడొస్తుందని అమ్మ రోజూ వీడియో కాల్‌లో అడుగుతోంది.