అద్దె షిఫ్ట్ లెన్స్‌తో సచివాలయం దగ్గర రెండు రోజులు

హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఇటీవల లేచిన కట్టడాలను మామూలు వైడ్ లెన్స్‌తో తీసినవారికి ఒక చిక్కు తెలిసే ఉంటుంది: గుమ్మటం ఫ్రేములోకి రావాలని కెమెరా పైకెత్తగానే గోడలు వెనక్కి వాలిపోయినట్టు కనిపిస్తాయి. 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన సచివాలయం ఎత్తు 265 అడుగులు కనుక అక్కడ ఆ వాలు మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. అందుకే గణేశ్ నిమజ్జనం కూడా కలిసొచ్చేలా చూసుకుని, కానన్ టీఎస్-ఈ 24 మి.మీ. షిఫ్ట్ లెన్స్‌ను కోఠిలోని ఒక దుకాణం నుంచి రెండు రోజులకు 3,000 రూపాయల అద్దెకు, 10,000 ధరావతు కట్టి తెచ్చుకున్నాను.

ఈ లెన్స్‌లో కెమెరాను మట్టంగా ఉంచి, చిన్న మర తిప్పి, లెన్స్‌ను మాత్రమే 12 మిల్లీమీటర్ల దాకా పైకి జరపవచ్చు, షిఫ్ట్ అంటే ఇదే. మర తిప్పుతుంటే ముందున్న రోడ్డు ఫ్రేము కింది అంచు నుంచి తప్పుకుంటూ, పై అంచు నుంచి గుమ్మటం మెల్లగా దిగివస్తుంది. స్తంభాలు మాత్రం నిటారుగానే నిలుస్తాయి. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోటోకు ఎంత వెలుతురు కావాలో, లెన్స్ జరపకముందే కొలిచి పెట్టుకోవాలి, జరిపాక కెమెరాలోని వెలుతురు మీటరు నమ్మదగినది కాదు. ఈ వాలును కంప్యూటర్‌లోనూ సరిచేయవచ్చు కానీ, అలా సాగదీసిన పైభాగంలో పదును తగ్గుతుంది, అంచులు కోసుకోవలసి వస్తుంది. 50 అడుగుల పీఠంపై నిలిచిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహానికి మాత్రం పూర్తిగా జరిపితే తల సాగినట్టు అనిపించింది, 5 మిల్లీమీటర్ల దగ్గరే ఆపాను. సచివాలయానికి ఎదురుగా ఉన్న అమరవీరుల స్మారకం అద్దంలాంటి స్టెయిన్‌లెస్ స్టీలు. ఆ వంపులో ట్రైపాడ్‌తో సహా నేనే దర్శనమిచ్చాను, దానికి ఏ లెన్సూ మందు కాదు.

నిమజ్జనానికి ఇది పనికిరాదు. ఆటోఫోకస్ లేదు. పగలు లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8కి చిన్నది చేసి, ఫోకస్ దూరాన్ని రెండున్నర మీటర్లకు పెట్టి ఉంచితే మీటరున్నర నుంచి కనుచూపుమేర అంతా స్పష్టంగానే వచ్చింది కానీ, చీకటి పడి వెలుతురు కోసం రంధ్రాన్ని ఎఫ్/3.5కి పెద్దది చేశాక స్పష్టంగా వచ్చే మేర తగ్గిపోయింది; ఎన్టీఆర్ మార్గ్‌లో క్రేను విగ్రహాన్ని పైకెత్తే క్షణంలో, పక్కవారి భుజాలు తగులుతుండగా చేత్తో ఫోకస్ తిప్పడం నా వల్ల కాలేదు. ఆ రాత్రి తీసినవాటిలో మిగిలినవి నాలుగే.

దుకాణంపై ఒక ఫిర్యాదు ఉంది. షిఫ్ట్‌ను బిగించే మర అరిగిపోవడంతో లెన్స్ తన బరువుకే కిందికి జారుతోంది. సచివాలయం ఫోటోలు కొన్నింటిలో గుమ్మటం కొస తెగిందని ఇంటికి వచ్చాకే గమనించాను. చెబితే "మీరే గట్టిగా తిప్పి ఉంటారు" అన్నారు, ధరావతు నాలుగో రోజున గానీ తిరిగి ఇవ్వలేదు. కట్టడాల కోసమైతే ఈ లెన్స్ మళ్లీ తెస్తాను, అయితే కౌంటర్ దగ్గరే కెమెరాకు తగిలించి, పూర్తిగా పైకి జరిపి బిగించి, ఐదు నిమిషాలు కదలకుండా ఉందని చూసుకున్నాకే డబ్బు కడతాను.