ఈ.కొలై మేలా, ఈస్ట్ మేలా?

ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్న మా మేనల్లుడు మొన్న ఆదివారం ఇంటికొచ్చాడు. "మావయ్యా, జీన్‌ని ఈ.కొలైలో పెట్టనా, ఈస్ట్‌లో పెట్టనా?" అన్నాడు. ఏం తీద్దామని రా అంటే, ఆ సంగతి తర్వాత చూద్దాం అన్నట్టు మొహం పెట్టాడు. పరవాడ వైపు ఫర్మెంటర్ల దగ్గర, అంటే సూక్ష్మజీవుల్ని పెంచే ట్యాంకుల దగ్గర కొన్నేళ్లు పనిచేశాను. ఏం తీయాలి అన్నదే అక్కడ మొదట అడిగే ప్రశ్న. కావలసిన ప్రొటీన్ తాలూకు జీన్‌ని ఈ.కొలై అనే బ్యాక్టీరియాలోనో, ఈస్ట్‌లోనో ఎక్కిస్తే, అది పెరుగుతూ ఆ ప్రొటీన్‌ని మనకి చేసిపెడుతుంది.

వేగం సంగతైతే వాదనే లేదు. 37 డిగ్రీల వేడి, కడుపునిండా తిండి ఉంటే ఈ.కొలై 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. తిండి అయిపోకుండా ఉంటే ఒక్క కణం ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతుంది. ఈస్ట్‌కి ఒక్కసారి రెట్టింపవడానికే గంటన్నర కావాలి. తిండి చవక, జీన్ ఎక్కించడం తేలిక, ఫలితం మర్నాటికే తెలుస్తుంది. కుర్రాళ్లంతా ఈ.కొలై అనేది అందుకే.

చిక్కంతా పెరిగాక మొదలవుతుంది. మనం అడిగిన ప్రొటీన్‌ని ఈ.కొలై చాలాసార్లు కణం లోపలే ముద్దచేసి పెడుతుంది. ఇన్‌క్లూజన్ బాడీస్ అంటారు. కణాల్ని పగలగొట్టి, ఆ ముద్దని గాఢమైన యూరియాలోనో గ్వానిడిన్‌లోనో కరిగించి, మళ్లీ సరైన ఆకారానికి మడత పడేలా చూడాలి. ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు, వాటి ఆకారాన్ని పట్టి ఉంచే మూడు డైసల్ఫైడ్ బంధాలు. ఒక్క బంధం తప్పుగా పడ్డా అది పనికిరాదు. పైగా ఈ.కొలై పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే విషం రవ్వంత మిగిలినా ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లకి జ్వరం వస్తుంది. ఫర్మెంటర్‌లో ఒక్కరోజు మిగిల్చి ప్యూరిఫికేషన్‌లో వారం పోగొట్టుకున్న రోజులు నాకు బాగా గుర్తు.

అయినా మనిషి ఇన్సులిన్‌ని మొదట చేసిపెట్టింది ఈ.కొలైయే. 1978లో అమెరికా కంపెనీ జెనెన్‌టెక్ శాస్త్రవేత్తలు చేసి చూపించారు, 1982లో మందుగా అనుమతి వచ్చింది. అంతకుముందు పందుల, ఆవుల క్లోమాలే గతి. ఈస్ట్ దారి వేరు: ఇన్సులిన్ ముందు రూపాన్ని బంధాలు సరిగ్గా వేసి మరీ బయటి ద్రవంలోకి వదులుతుంది. కణాలు పగలగొట్టే పనిలేదు, ఎండోటాక్సిన్ బెడద లేదు. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా కూడా ఈస్ట్ చలవే. పికియా అనే రకం అది. దాన్ని మిథనాల్ పోసి పెంచుతారు. పెద్ద ట్యాంకులు పెట్టుకుంటే నిప్పు భయంతోనే సగం టెన్షన్.

కొన్ని ప్రొటీన్లు పనిచేయాలంటే వాటికి చక్కెర గొలుసులు అంటుకుని ఉండాలి. అవి అవసరమైతే ఈ.కొలై మాట మర్చిపోవచ్చు, మామూలుగా అవి దానికి చేతకావు. ఈస్ట్ అంటిస్తుంది గానీ మనిషి ఒంట్లో ఉండేలా కాదు, మానోజ్ అనే చక్కెర దట్టించేస్తుంది. కిడ్నీ రోగులకి ఎర్రకణాలు పెరగడానికిచ్చే ఎరిత్రోపొయిటిన్‌ని హామ్‌స్టర్ అండాశయ కణాల్లో చేసేది అందుకే. అవి రెట్టింపవడానికి దాదాపు రోజు పడుతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. కీమోథెరపీ తర్వాత తెల్లకణాలు పెరగడానికిచ్చే ఫిల్‌గ్రాస్టిమ్‌కి ఆ గొలుసులు లేకపోయినా ఫర్వాలేదు కాబట్టి ఈ.కొలై సరిపోతుంది.

ఇంత చెప్పాక మావాడు అసలు విషయం బయటపెట్టాడు. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వ్యర్థాలు పడే చోట మట్టి తెచ్చి, పాలపొడి కలిపిన అగర్ జెల్లీ మీద అందులోని బ్యాక్టీరియాని పెంచాడట. కొన్ని కాలనీల చుట్టూ పాల తెలుపు పోయి స్వచ్ఛంగా వలయాలు వచ్చాయట. అంటే ప్రొటీన్‌ని తినే ఎంజైమ్, ప్రొటియేజ్! బట్టల సబ్బుపొడిలో కలపడానికి పనికొస్తుందని వాడి ఆశ. ఫోటోలు చూస్తే బాసిల్లస్ అనే మట్టి బ్యాక్టీరియాలాగే ఉన్నాయి.

అలాగైతే ఈ.కొలై వద్దు, ఈస్టూ వద్దు. బాసిల్లస్ ఎంజైమ్‌ని తనంతట తనే బయటికి వదులుతుంది. సబ్బుపొడి ప్రొటియేజ్‌లు ఎక్కువగా ఆ జాతివే. వడగట్టి చిక్కబరిస్తే చాలావరకు పని అయిపోతుంది. ఇన్సులిన్ లాంటిదైతే మాత్రం దీని దగ్గరికి వెళ్లమనను, సొంత ప్రొటియేజ్‌లతోనే సరుకుని కొరికేస్తుంది.

బాసిల్లస్‌తో ఇంకో తలనొప్పి, స్పోర్లు, అంటే వేడికీ చావని విత్తనాల్లాంటి రూపాలు. నేను చదువుకునే రోజుల్లో ఒకడు ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే ఆటోక్లేవ్‌ని 121 డిగ్రీలకి రానివ్వకుండానే ఆపేస్తే, నెల్లాళ్లపాటు అందరి ఫ్లాస్కుల్లోనూ అదే మొలిచింది. ఆ ఒకడు ఎవరని మావాడు అడిగాడు. టీ చల్లారిపోతోంది తాగరా అన్నాను.