చెయిర్‌లిఫ్ట్: తాడును వదలనిదా, వదిలి పట్టుకునేదా?

కాశీ, గయ యాత్రకు వెళ్లే తిరుపతివాళ్లలో కొందరు రాజ్‌గిర్ కూడా చూసి వస్తారు. అక్కడి ఒంటి కుర్చీల పాత చెయిర్‌లిఫ్ట్ ఎక్కినవారికి, ఆగని కుర్చీలో చటుక్కున కూర్చోవడమంటే ఏమిటో బాగా తెలుసు. ఇప్పుడు వాళ్ల పిల్లలు స్కీయింగ్ నేర్చుకోవడానికి ఉత్తరాఖండ్‌లోని ఔలికో, యూరప్‌కో బయలుదేరుతూ నన్ను పదేపదే అడుగుతున్నారు: కుర్చీ పట్టు (గ్రిప్) తాడును ఎప్పుడూ వదలని ఫిక్స్‌డ్ గ్రిప్ లిఫ్ట్ ఉన్న కొండ మేలా, స్టేషన్‌లో తాడును వదిలి మళ్లీ పట్టుకునే డిటాచబుల్ ఉన్నది మేలా?

అందరి చూపూ ముందు వేగం మీదకే పోతుంది. ఫిక్స్‌డ్ గ్రిప్‌లో కుర్చీని తాడుకు బిగించేస్తారు కాబట్టి సెకనుకు సుమారు 2.5 మీటర్ల వేగంతో నడుపుతారు. డిటాచబుల్ 5 మీటర్లు పోతుంది. ఒకటిన్నర కిలోమీటరు లిఫ్ట్‌లో ఇది 10 నిమిషాలకూ 5 నిమిషాలకూ ఉన్న తేడా. ఎముకలు కొరికే గాలిలో కదలకుండా కూర్చోవాలంటే అది తక్కువేమీ కాదు.

అయితే వేగం పెరిగిందని క్యూ తగ్గదు. ఘాట్ రోడ్డులో బస్సు ఎంత త్వరగా ఎక్కినా వైకుంఠం కాంప్లెక్సులో నిరీక్షణ తగ్గుతుందా? నలుగురు పట్టే కుర్చీ 6 సెకన్లకొకటి వస్తే, ఏ రకమైనా గంటకు 2,400 మందే. ఫిక్స్‌డ్‌లో కుర్చీలు 15 మీటర్లకొకటి, డిటాచబుల్‌లో 30 మీటర్లకొకటి ఉంటాయి, అంతే.

నా దృష్టిలో తేల్చేది ఎక్కే క్షణం. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో తొలి చెయిర్‌లిఫ్ట్‌కు రూపమిచ్చిన జేమ్స్ కరన్‌కు ఆ ఆలోచన, ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే యంత్రం నుంచి వచ్చింది. అరటిగెలకు ఎక్కే వేగంతో పనిలేదు, మనిషికి ఉంది. డిటాచబుల్ స్టేషన్‌లోకి కుర్చీ రాగానే పైనున్న గ్రిప్ మీట ఒక పట్టా కిందికి దూరుతుంది. స్ప్రింగు నొక్కుకుని దవడ తెరుచుకుంటుంది, తాడు తన దారిన తాను పోతుంది. వరుసగా తిరిగే చిన్న రబ్బరు టైర్లు కుర్చీని నిదానింపజేసి, సెకనుకు మీటరు వేగంతో మన వెనక్కి తెస్తాయి. కూర్చున్నాక మరో వరుస టైర్లు దాన్ని తాడు వేగానికి చేర్చాకే దవడ మూసుకుంటుంది. పట్టు చాలకపోతే లిఫ్ట్ దానంతటదే ఆగిపోతుంది.

ఫిక్స్‌డ్‌లో ఈ వెసులుబాటు లేదు. కుర్చీ తాడు వేగంతోనే వస్తుంది, పక్కనున్న ఉద్యోగి చేత్తో ఆపిపట్టి దెబ్బ తగ్గిస్తాడు. కొత్తవాళ్లలో ఒకరు పడితే మొత్తం ఆగుతుంది, పైనున్నవారంతా గాలిలో వేలాడుతూ ఎదురుచూడాలి. అలా ఆగుతూ సాగితే 2,400 కాగితం మీదే మిగులుతుంది. అందుకే పిల్లలతోనో, యాభై దాటినవారితోనో వెళ్లేవారికి నేను డిటాచబులే చెబుతాను.

ఫిక్స్‌డ్‌ను తీసిపారేయనక్కర్లేదు. యంత్రభాగాలు తక్కువ, ఖర్చూ తక్కువ. తాడు ఒకేచోట అరగకుండా గ్రిప్పులను అప్పుడప్పుడు జరుపుతుండాలి. పొట్టి వాలు అయి, ఎక్కేచోట కుర్చీ దిశలోనే కదిలే కన్వేయర్ బెల్టు కూడా ఉంటే కొత్తవారికి అదీ చాలు.

గుల్‌మార్గ్ గండోలా లాంటి క్యాబిన్లు చలికి మంచివే, కానీ ప్రతిసారీ స్కీలు విప్పాలి. మంచుమీదే లాక్కెళ్లే టీ-బార్ మొదటిరోజు వద్దు. రిసార్ట్ మ్యాపులో లిఫ్ట్ పేరు పక్కన ‘ఎక్స్‌ప్రెస్’ అనో ‘హై-స్పీడ్’ అనో ఉంటే అది సాధారణంగా డిటాచబులే. బుక్ చేసేముందు, నేర్చుకునేవారి వాలుకు వెళ్లే లిఫ్ట్ పక్కన ఆ మాట ఉందేమో చూడండి.