తీసేసే అధికారం అడ్మిన్‌కా, కంపెనీకా: ఏది మేలు?

శ్రీకాకుళం తీరంలోని చాలా పల్లెలకు ఇప్పుడు వాట్సాప్ గ్రూపే రచ్చబండ. ఊళ్లో ఉన్నవాళ్లూ, చెన్నై, హైదరాబాదులకు పనికి వెళ్లినవాళ్లూ, గుజరాత్ రేవుల్లో వేటకు వెళ్లిన మత్స్యకారులూ కలిసేది అక్కడే. అందులోంచి ఒకరిని తీసేస్తే చావు కబురు, పెళ్లి పిలుపు, తుపాను హెచ్చరిక ఏదీ వాళ్లకు అందదు. అందుకే ఎవరిని ఎవరు, ఏ కారణంతో తీసేస్తున్నారన్నది నాకు చిన్న విషయంగా కనిపించదు.

వేగంలో అడ్మిన్‌కు సాటి లేదు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస పరిసరాలను కుదిపేసినట్టు మళ్లీ ఏ తుపానైనా వస్తే, తప్పుడు కబురును నిమిషాల్లో చెరిపేయగలిగేది అడ్మినే. సందేశాలు ఎన్‌క్రిప్షన్‌లో, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఇంకెవరూ చదవలేని రూపంలో ఉంటాయి కాబట్టి వాటిని చదివే వీలు వాట్సాప్ కంపెనీకి ఉండదు. పుకార్లు నమ్మి జనం మనుషుల ప్రాణాలు తీసిన తర్వాత, 2018లో ఆ కంపెనీ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు పరిమితం చేసింది. పలుమార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా 2020లో ఇంకా బిగించింది. మిగిలిన బాధ్యతంతా అడ్మిన్‌దే.

అయితే పంచాయతీ ఎన్నికలు వచ్చాయంటే ఆ బాధ్యతే ఆయుధమవుతుంది. కాలువ పని ఎందుకు ఆగిందని అడిగినవాడిని తీసేస్తారు. కారణం చెప్పరు, చెప్పమని అడిగే చోటూ ఉండదు. అడ్మిన్ తీసేసినవాడు పాత లింకుతో తిరిగి చేరలేడు. కేసులు తమ మీదికి వస్తాయన్న భయంతో తీసేసేవాళ్లూ ఉన్నారు. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన నేరం అంటదని కేరళ హైకోర్టు 2022లో తేల్చిన సంగతి వాళ్లకు తెలియాలి.

ఇక కంపెనీల పద్ధతి. తప్పెటగుళ్లు అనే మన జానపద కళ ఆడే బృందం ఒకటి యూట్యూబ్ ఛానెల్ నడుపుతోందనుకోండి. నియమం తప్పితే సాధారణంగా ముందు హెచ్చరిక వస్తుంది, ఆ తర్వాత స్ట్రైకులు, అంటే తప్పుకొకటి చొప్పున పడే శిక్షలు. మొదటి స్ట్రైకుకు వారం, రెండోదానికి రెండు వారాలు వీడియోలు పెట్టలేరు. 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది. తొలి వడపోత చాలావరకు యంత్రానిది. మన యాసలో చనువుగా అన్న మాటకూ, కులం పేరుతో పొడిచిన మాటకూ తేడా దానికి పట్టుబడటం కష్టం. బతుకుదెరువే ఛానెలైనవాళ్లకు ఇది నిజమైన ప్రమాదం.

అయినా ఇక్కడ నియమం రాతపూర్వకంగా ఉంది, అప్పీలు ఉంది. మన దేశపు 2021 ఐటీ నిబంధనలు ప్రతి వేదికా ఫిర్యాదుల అధికారిని పెట్టుకోవాలన్నాయి. అక్కడా న్యాయం జరగకపోతే 2023 నుంచి కేంద్రం ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీలున్నాయి. గ్రూపు అడ్మిన్ మీద ఇలాంటి దారి ఏదీ లేదు.

ఎక్స్ (పాత ట్విట్టర్)లోని కమ్యూనిటీ నోట్స్‌ది మూడో దారి. పోస్టును తీయకుండా, వాడేవాళ్లే దాని కింద వివరణ చేరుస్తారు. మామూలుగా ఒకరితో ఒకరు ఏకీభవించనివాళ్లు కూడా బాగుందంటేనే ఆ వివరణ అందరికీ కనిపిస్తుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఫలానా ఆకు మందంటూ తిరిగే పోస్టుకు ఇదే సరైన చికిత్స. చెరిపేస్తే దాచేశారనుకుంటారు, వివరణ ఉంటే చదువుతారు. కానీ తెలుగులో రాసేవాళ్లు, తూచేవాళ్లు తగినంతమంది ఉండాలి. ఆడపిల్ల ఫొటోను మార్ఫింగ్ చేసి పెట్టినప్పుడు మాత్రం ఏ వివరణా పనికిరాదు. దాన్ని వెంటనే తీసేయాలి, పెట్టినవాడిని ఆపాలి.

ఊరి గ్రూపుకు నేను అడ్మిన్‌నే ఎంచుకుంటాను, అదీ వేర్వేరు వర్గాల నుంచి కనీసం ఇద్దరుండి, తీసేసిన కారణం గ్రూపులోనే రాస్తేనే. సర్పంచినో ఎమ్మెల్యేనో ప్రశ్నించే మాటకూ, కూడు పెట్టే ఛానెలుకూ రాసిన నియమాలున్న వేదికే మేలు. ఖాతా ఆపేశారా? నోటీసు స్క్రీన్‌షాట్ దాచుకోండి. ముందు ఆ వేదిక ఫిర్యాదుల అధికారికి రాయండి. జవాబు నచ్చకపోతే అది అందిన 30 రోజుల్లోగా అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లవచ్చు, ఢిల్లీ వెళ్లే పని లేదు.