తుపాకుల బీరువా: ఎనిమిదేళ్లు వాడాక

గురి పోటీల కోసం నేను తీసుకున్న .22 రైఫిల్, మా నాన్నగారి తర్వాత లైసెన్సు నా పేరుకు మారడంతో నా చేతికి వచ్చిన 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ, ఈ రెండింటినీ ఇంట్లో భద్రపరచడానికి ఎనిమిదేళ్ల క్రితం ఒక ఉక్కు బీరువా కొన్నాను. కొత్తలో ఎవరైనా దాని గురించి అడిగితే రేకు మందం, తలుపును చట్రంలో పట్టి ఉంచే కడ్డీల లావు ఏకరువు పెట్టేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా అడిగితే, దాని తాళంచెవి ఇంట్లో ఎక్కడ పెడతారని ముందు నేనే వారిని అడుగుతున్నాను.

బీరువా తయారీలో చెప్పుకోదగ్గ లోపం లేదు. రేకు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. మూసినప్పుడు తలుపు చట్రం లోపలికి దిగిపోతుంది కాబట్టి గునపం మొన దూర్చడానికి అంచు దొరకదు. బందులు కోసేసినా అటువైపు కూడా కడ్డీలు చట్రంలోకి దిగి ఉంటాయి కనుక తలుపు ఊడిరాదు. అయితే ఇటువంటి బీరువాల మీద కనిపించే ప్రమాణ ముద్రలను కొంత అర్థం చేసుకుని చదవాలి. వస్తువుల భద్రతను పరీక్షించే అమెరికాలోని యూఎల్ సంస్థ ఇళ్ల బీరువాలకు ఇచ్చే ప్రాథమిక గుర్తింపుకు అర్థం, మామూలు చేతి పనిముట్లతో ఒక మనిషి 5 నిమిషాలు ప్రయత్నించినా అది తెరుచుకోలేదని మాత్రమే. బ్రిటన్‌లో తుపాకుల బీరువాలకు బీఎస్ 7558 అనే ప్రమాణం ఉంది. జర్మనీలో 2017 జులై నుంచి కొత్తగా కొనేవారు ఈఎన్ 1143-1 అనే యూరప్ ప్రమాణంలో కనీసం సున్నా శ్రేణి (అందులో అన్నిటికన్నా కింది మెట్టు) బీరువా తీసుకోవాలి. మన లైసెన్సు షరతులు ఏ ప్రమాణం అడుగుతున్నాయో తెలుసుకున్న తర్వాతే డబ్బు కట్టడం మేలు. నేను డబ్బు కట్టాక చదివాను. సరిపోయింది కాబట్టి బతికిపోయాను.

బిగింపు విషయంలో మాత్రం మొదటిసారి మోసపోయాను. ఖాళీ బీరువా బరువు 70 కిలోలు, అంటే ఇద్దరు మనుషులు ఎత్తి బండిలో వేసుకుపోగలిగినంత. గోడకు బిగించడానికి వచ్చిన పనివాడు ప్లాస్టిక్ గుల్లలు కొట్టి, నాలుగు మరలు తిప్పి వెళ్లిపోయాడు. కొన్ని నెలలకు తలుపు తీసినప్పుడల్లా బీరువా సన్నగా మూలుగుతున్నట్టు అనిపించి, పైఅంచు పట్టుకుని ముందుకు గుంజితే, పైనున్న రెండు మరలూ సిమెంటు పొడితో సహా నా చేతిలోకి వచ్చాయి. అవి ఇటుకను ముట్టనే లేదు, పూత మందంలోనే ఆగిపోయాయి. రెండోసారి పూత దాటి ఇటుక లోపలికి దిగేలా పొడవైన ఇనుప యాంకర్ బోల్టులు వేయించి, అడుగున నేలకు మరో రెండు బిగించాను. పనిలో పనిగా బీరువాను గది మూలకు జరిపి, తలుపు తెరుచుకునే అంచు పక్కగోడకు దగ్గరగా వచ్చేట్టు పెట్టించాను. అటు గోడ అడ్డం ఉంటే పొడవాటి గునపం తిప్పడానికి చోటుండదు.

తాళం అంకెల మీటలది. 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. మూడో ఏడు ఒక పోటీ రోజు ఉదయం అంకెలు నొక్కితే కూత వినిపించింది, పచ్చ దీపం కూడా వెలిగింది, కానీ పిడి తిరగలేదు. తాళం పాడైందనుకుని గాభరా పడ్డాను. దీపం వెలిగించడానికి చాలిన బ్యాటరీ లోపలి గడియను లాగడానికి చాలదని తర్వాత అర్థమైంది. బ్యాటరీ గది బయటివైపే ఉంది కాబట్టి మార్చగానే తెరుచుకుంది. అప్పటి నుంచి ఏడాదికోసారి, బ్యాటరీ బాగున్నా సరే, మార్చేస్తున్నాను. వేలిముద్ర తాళమున్న చిన్న పెట్టెను కూడా కొంతకాలం వాడి చూశాను. తుపాకీ తుడిచిన చేతికి నూనె అంటి ఉంటే అది నన్ను గుర్తుపట్టేది కాదు. దాన్ని వదిలించుకున్నాను.

ఇటువంటి తాళంతో పాటు అత్యవసరానికని ఒక మామూలు తాళంచెవి ఇస్తారు. దాన్ని నేను నా బట్టల అలమారలో, మడతల కింద పెట్టి నిశ్చింతగా ఉన్నాను. పదేళ్ల మా అబ్బాయి ఒకరోజు అదే తాళంచెవిని వేలికి తిప్పుకుంటూ వచ్చి, "నాన్నా, ఇది దేనిది?" అని అడిగాడు. నేను గోడ తొలిపించి బిగించిన బోల్టులకూ, 3 మిల్లీమీటర్ల ఉక్కుకూ ఆ క్షణంలో ఏ విలువా మిగల్లేదు. పైగా ఇది చట్టం దృష్టిలోనూ చిన్న తప్పు కాదు. లైసెన్సు మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు; లైసెన్సు లేనివారికి తుపాకీ అందుబాటులో ఉండటమే చాలా దేశాల్లో లైసెన్సు పొందినవారి మీద చర్యకు దారితీస్తుంది. 2023లో జర్మనీలోని ఒక ఉన్నత పాలనా న్యాయస్థానం, బీరువా తాళంచెవిని కూడా ఆ బీరువాతో సమానమైన భద్రత ఉన్న చోటే ఉంచాలని తేల్చింది. చదివినప్పుడు అతి అనిపించవచ్చు కానీ, మా అబ్బాయి వేలికి వేలాడిన తాళంచెవిని చూసిన నాకు అలా అనిపించలేదు.

ప్రస్తుతం ఆ తాళంచెవి బ్యాంకు లాకరులో ఉంది. పోటీలకు మాత్రమే తుపాకీ తీసే నాకు అర్ధరాత్రి దానితో పనిబడే అవకాశం లేదు. అంకెలు కూడా మార్చాను, ఎందుకంటే అంతకుముందువి పెళ్లి సంవత్సరం, అది మా ఇంట్లో గోడ మీద ఫొటో కింద రాసే ఉంది. కొత్త అంకెలు మా ఆవిడకు చెప్పబోతే, "లైసెన్సు మీది, నాకెందుకండీ? చెప్పకండి," అంది. ఆమె మాటే సరైనదని ఒప్పుకున్నాను.

చెమ్మ గురించి అమ్మినవారు ఒక్క మాటైనా చెప్పలేదు. మొదటి ఏడాది వానల తర్వాత రైఫిల్ గొట్టం మీద, చాంబరుకు (తూటా కూర్చునే చోటుకు) జానెడు ముందు, నా బొటనవేలి ముద్ర గీతలతో సహా తుప్పుగా తేలింది. చెమటలోని ఉప్పు, మూసిన పెట్టెలోని చెమ్మ కలిసి చేసిన పని అది. లోపల అతికించిన నురగ పరుపు కూడా తేమను పట్టి ఉంచుతుంది. తోలు సంచి ఇంకా చెడ్డది: నాన్నగారి తోలు పట్టీలో వదిలేసిన తూటాల ఇత్తడి అడుగులకు పచ్చటి చిలుము పట్టింది. ఇప్పుడు తోలువన్నీ బీరువా బయట ఉంటున్నాయి. లోపల ఒక తేమకొలత పెట్టి, 50 శాతం దగ్గర ఉండేలా తేమను పీల్చే సిలికా జెల్ గుళికలు అరకిలో ఉంచుతున్నాను. దాని నారింజ రంగు ఆకుపచ్చగా మారగానే ఓవెన్‌లో వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. ముట్టుకున్న ప్రతిసారీ గొట్టాన్ని నూనె బట్టతో తుడుస్తాను. తుపాకీని గొట్టం మొన కిందికి ఉండేలా నిలబెడితే ఆ నూనె కారి, భుజానికి ఆనించే చెక్క బట్‌లోకి ఇంకదు.

నా బీరువా నిప్పుకు తట్టుకునేది కాదు. తట్టుకునే రకాల్లో చాలావాటి గోడల్లో జిప్సం పలకలు ఉంటాయి. వేడికి జిప్సం తనలోని నీటిని ఆవిరిగా వదులుతూ లోపలి వేడిని కొంతసేపు ఆపుతుంది. మంటల్లో విడి తూటా పేలితే దాని ఇత్తడి తొడుగు చీలుతుందే గాని గుండు తుపాకీ నుంచి వెళ్లినంత వేగంతో వెళ్లదు. కానీ చాంబరులో ఉన్న తూటా వేడికి పేలితే మామూలుగా కాల్చినట్టే గుండు తుపాకీ గొట్టం గుండా దూసుకుపోతుంది. లోపల పెట్టే తుపాకీ ఖాళీగా ఉండాలనడానికి పిల్లల భద్రతతో పాటు ఇదీ ఒక కారణం. రైఫిలుకు ముందు మ్యాగజైన్ (తూటాల డబ్బీ) తీసి, ఆ తర్వాతే చాంబరును మూసే బోల్టును వెనక్కి లాగి, చాంబరును కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి లోపల పెడతాను. ఈ వరస తిరగబడితే, బోల్టు ముందుకు తోసినప్పుడు మ్యాగజైన్ లోని తూటా మరొకటి చాంబరులోకి ఎక్కుతుంది. డబుల్ బ్యారెల్‌ను మడిచి చూస్తే చాలు.

తూటాలకు లోపలే వేరే తాళంతో ఒక అర ఇచ్చారు గాని, అది మరీ ఇరుకు: 25 తూటాల డబ్బాలు రెండు పట్టగానే నిండిపోతుంది. మిగతావాటికి విడిగా తాళమున్న ఇనుప పెట్టె కొనాల్సి వచ్చింది. అయిదు తుపాకులు పడతాయన్న మాట కూడా కాగితం మీది లెక్కే. దుర్బిణి బిగించిన రైఫిల్ ఒక్కటి పెడితే పక్క గాడి పనికిరాకుండా పోతుంది. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం, ఒక కొలత పెద్దది, మీటలకు బదులు తిప్పే చక్రం తాళంతో తీసుకుంటాను; దానికి బ్యాటరీ అక్కర్లేదు, దాచుకోవాల్సిన తాళంచెవి అసలే ఉండదు.